ఎడారికి పంపిన తోట

గోడలకు తగిలించే గుడ్డల గురించి క్రిందటిసారి రెండు ముక్కలు రాశాను. దానిమీద వచ్చిన ఉత్తరాలలో సగానికి సగం ఒకటే ప్రశ్న. "మీరే ఒకటి తయారు చేశామన్నారు, అదేమిటో, ఎలా చేశారో చెప్పకుండా తప్పుకున్నారేం?" అని. తప్పుకున్న మాట నిజమే. కారణం సిగ్గు. మొదట చేసిన గుడ్డ పాడైపోయింది. రెండవది చేసేలోపల, నలుగురిలో నేను గొప్పగా చెప్పుకున్న మాట ఒకటి పొరపాటని తేలింది. అడిగారు గనక ఇక దాచటమెందుకు?

మా అమ్మాయి కువైట్‌లో కాపురముంటున్నది. ఒకరోజు ఫోనులో, "అమ్మా, ఇక్కడ కిటికీ తీస్తే ఇసుక, మూస్తే గోడ. ఆ గోడకు నీ చేత్తో చేసిన గుడ్డ ఒకటి పంపమ్మా. మన వూరి చెరకుతోటలు వద్దు. ఇక్కడి సంగతే, ఎడారో, పాతకాలపు చరిత్రో, అలాంటిదేదైనా వెయ్యి" అన్నది.

ఉయ్యూరులో కూర్చుని ఎడారిని గురించి ఆలోచించటం అంత తేలిక కాదు. మాకు ఒకవైపు చెరకు, ఒకవైపు వరి, మధ్య పుల్లేరు కాలువ. వర్షాకాలంలో దండెం మీద తువ్వాలు మూడురోజులకుగాని ఆరదు. అయినా అడిగింది కూతురాయె. నాలుగు రోజులు ఆలోచించి, పసుపుపచ్చ గుడ్డ మీద రెండు ఒంటెలు, మూడు ఖర్జూరపు చెట్లు, వెనుక ఒక పిరమిడ్ కత్తిరించి కుట్టటానికి సిద్ధం చేశాను. మా వారు కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "సిగరెట్టుపెట్టె మీద బొమ్మలా బాగానే వుంది" అన్నారు. ఆ ముక్కలు అలాగే మూట కట్టి పెట్టెలో పడేశాను.

ఆ తరువాతే ఒక పుస్తకంలో బెరెనికే అనే వూరి గురించి చదివాను. అది ఈజిప్టులో ఎర్రసముద్రపు ఒడ్డున, ఎడారిలో వున్న పాత రేవు. రోమన్ల కాలంలో మన దేశపు సరుకు అక్కడ దిగేది. ఒంటెల మీద ఎడారి దాటించి నైలునది చేర్చి, అక్కడినుంచి పడవల్లో పంపేవారు. తరువాత రేవు పూడిపోయి, వూరు ఖాళీ అయి, ఇసుక కప్పేసింది. 1994లో అమెరికా, డచ్చి పండితులు కలిసి అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. ఒక గుడిలో మన దేశపు కుండ దొరికింది, దానినిండా మిరియాలు, ఏడున్నర కిలోలు! టేకు దూలాలు దొరికాయి. చెత్తకుప్పల్లో గుడ్డపేలికలు దొరికాయి. వాటిలో కొన్ని నీలపు అద్దకం గుడ్డలు. తెల్లగా వుండవలసినచోట మైనంవంటి పూత పూసి, నీలిమందులో ముంచి తీసినవి. నీలం మీద తెల్లని పువ్వులు. దాదాపు పదహారు వందల ఏళ్ళ నాటివి.

అవి మన దేశపువని ఎలా తెలిసిందనుకున్నారు? రంగును బట్టి కాదు, పువ్వును బట్టీ కాదు, నూలు పురిని బట్టి. దారం వడికేటప్పుడు పురి ఎటు తిరిగితే దారం మీద గీతలు అటు వాలుతాయి. ఈజిప్టువారు తరతరాలుగా నార వడికినవారు, వాళ్ళ పురి ఇంగ్లీషు 'ఎస్' అక్షరం నడుము వాలినవైపు వాలుతుంది. మనవారి పత్తినూలు పురి 'జెడ్' అక్షరం వైపు వాలుతుంది. భూతద్దం పెట్టి పురి చూసి, ఇది ఇక్కడ వడికిన నూలు కాదు, భారతదేశపుదని చెప్పగలిగారు. పేరూ వూరూ తెలియని ఏ అమ్మమ్మో అరుగు మీద కూర్చుని తిప్పిన కదురు, ఏ వైపు తిప్పిందో ఇన్ని వందల ఏళ్ళకు తెలిసిపోయింది! ఆ రాత్రి నేను దీపారాధనకు వత్తులు చేస్తూ నా పురి ఎటు వాలుతున్నదో చూసుకున్నానంటే నమ్మండి.

ఇంకేం, పట్టలేని గర్వం వచ్చింది. వీరమ్మ తల్లి తిరునాళ్ళకు బంధువులందరూ వచ్చినప్పుడు, "ఈజిప్టు ఎడారిలో మన బందరు అద్దకం దొరికింది, తెలుసా!" అని చెప్పాను. మహిళామండలిలో చెప్పాను. ఆ నీలం పువ్వుల గుడ్డనే మళ్ళీ చేసి అమ్మాయికి పంపుతానన్నాను.

మా తమ్ముడి కొడుకు కాలేజీలో చరిత్ర చెబుతాడు. అంతా విని, భోజనాలయ్యాక, "అత్తా, బందరుదని నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఎవరు చెప్పాలిరా? అద్దకమంటే బందరు కాదూ?"

వాడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఓపికగా చెప్పుకొచ్చాడు. ఆ రోజుల్లో ఎర్రసముద్రానికి వెళ్ళే ఓడలు ఎక్కువగా పడమటి తీరపు రేవులనుంచి బయలుదేరేవట. భరుకచ్ఛం, అంటే ఇప్పటి భరూచ్, అక్కడినుంచి నూలుగుడ్డ ఎగుమతి అయ్యేదని ఆ కాలపు గ్రీకు నావికుడొకడు రాసిపెట్టాడు. కైరో దగ్గర పాతపట్నం ఫుస్టాట్ పేరుతో మరెన్నో అద్దకపు పేలికలు లోకానికి తెలిశాయి. అటువంటివే వెయ్యికి పైగా ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డులోని అష్మోలియన్ మ్యూజియంలో వున్నాయి. రూత్ బార్న్స్ అనే విద్వాంసురాలు వాటిని ఒక్కొక్కటే పరిశీలించి 1997లో పెద్ద గ్రంథం ప్రకటించింది. అవి చాలావరకు గుజరాత్ అద్దకాలు!

మనసు చివుక్కుమన్నది. "అయితే మనది ఏమీ లేదంటావా?" అన్నాను.

"లేదని ఎవరన్నారు? ఆ గ్రీకు నావికుడే మసాలియా అనే దేశం పేరు రాశాడు. అక్కడ సన్నబట్టలు విస్తారంగా నేస్తారన్నాడు. టోలెమీ మైసోలోస్ అని ఒక నది పేరు చెప్పాడు. అది మన కృష్ణేనని అంటారు. కాని అత్తా, మనవాళ్ళు నేసింది తెల్లని సన్నబట్ట. పువ్వు లేదు, రంగు లేదు. చూడగానే ఇది ఫలానా వూరిదని ఎవరు చెప్పగలరు?"

ఆ మాట చాలాసేపు నన్ను వదలలేదు. మన తడినేలలో గుడ్డ అన్నది నిలవదు. చెదలు తినగా మిగిలింది తేమ తింటుంది. మా మేనత్తగారి ఊరు దివిసీమ. వాళ్ళింట్లో తాతలనాటి బందరు పరదా ఒకటి వుండేదని చెప్పుకునేవారు. అది 1977 నవంబరు ఉప్పెనలో ఇంటితోపాటే పోయింది. గుడ్డకు ఎడారే భద్రమైన బీరువా. మనం నేసి పంపిన వాటి చరిత్ర చూడాలంటే పరాయివారి ఇసుకలో వెతుక్కోవాలి.

అయితే మావాడు నన్ను పూర్తిగా నిరాశపరచలేదులెండి. వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ, "అత్తా, బందరు అంటే అర్థమేమిటో ఎప్పుడైనా ఆలోచించావా?" అన్నాడు. పుట్టినప్పటినుంచీ బందరు బస్సెక్కుతున్నాను, బందరు లడ్డూ తింటున్నాను. అర్థం సంగతి ఎన్నడూ తోచలేదు. అది పారసీక పదమట. రేవు అని అర్థం. గోలకొండ నవాబుల కాలంలో మచిలీపట్నం వాళ్ళకు ముఖ్యమైన రేవు. ఇరాన్‌తో వాళ్ళకు మతసంబంధం, వ్యాపారం రెండూ వున్నాయి. ఇరాన్‌లో షా అబ్బాస్ పట్టుకున్న రేవుకు బందర్ అబ్బాస్ అని పేరు. 17వ శతాబ్దంలో ఈ బందరునుంచి ఆ బందరుకు ఓడలు నడిచాయి. వాటిలో వెళ్ళిన సరుకులో మన అద్దకాలు ముఖ్యమైనవి. కలం, కారీ అనే మాటలు కూడా అటునుంచి వచ్చినవే. "నువ్వు ఎడారిని ఈజిప్టులో ఎందుకు వెతుకుతావు? పెడన వెళ్ళి అచ్చులు చూడు" అని చెప్పి బస్సెక్కాడు.

పెడన మాకు ఎంత దూరం గనక! బందరు వెళ్ళి బస్సు మారితే సరి. అక్కడ ఒక అద్దకం మేస్త్రీగారి ఇంట్లో వరండా గోడంతా అరలు, అరలనిండా టేకు అచ్చులు. తాతగారి కాలంవి కూడా వున్నాయి, నూనె తాగి నల్లరాళ్ళలా అయిపోయినవి. ఒక్కొక్కటే తీసి తుడిచి చూపించారు. అందులో ఒక చెట్టు. కొమ్మలు లేవు, నిలువుగా, దీపశిఖలా, కొస సన్నగా. మన వూళ్ళలో ఎక్కడా చూడని చెట్టు. దాని పక్కనే అదే చెట్టు కొస వంగినట్టుగా మామిడిపిందె. మనం మామిడిపిందె అంటాం గాని, వంగిన సైప్రస్ చెట్టునుంచే ఆ ఆకారం వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. సైప్రస్ ఇరాన్‌వారికి మనకు రావిచెట్టులాంటిది, ఏడాది పొడుగునా పచ్చగా వుండే చెట్టు.

అప్పుడు నాకు నా ఒంటెలు, పిరమిడ్ గుర్తుకువచ్చి నవ్వొచ్చింది. ఎడారిలో బతికేవాడు గుడ్డ మీద ఇసుక ఎందుకు వేసుకుంటాడు? ఇసుక వాడికి రోజూ కనబడేదే. వాడు వేసుకునేది తోట. వెనుకటికి ఇరాన్‌ను ఏలిన ఖుస్రో రాజుల కొలువులో ఒక తివాచీ వుండేదట. అరవై మూరల పొడుగు, అరవై మూరల వెడల్పు. దాని మీద నేసింది ఒక తోట. బంగారు జరీ నేల, రత్నాల పూలు, మధ్య కాలువలు. శీతకాలంలో బయట తోటలు ఎండిపోయినప్పుడు రాజు దాని మీద కూర్చుని వసంతం వచ్చిందనుకునేవాడు. 637లో అరబ్బులు టెసిఫాన్ నగరం జయించినప్పుడు ఆ తివాచీని మదీనాకు పంపారు. అక్కడ దానిని ముక్కలుగా కోసి అందరికీ పంచారు. ఒక్క ముక్క ఇరవైవేల దిర్హములకు అమ్ముడుపోయిందని తబరీ తన చరిత్రలో రాశాడు. వసంతాన్ని కత్తెరతో కోసి పంచుకున్నారన్నమాట!

అందుకని నా గుడ్డ మీద ఏముండాలో తేలిపోయింది. మధ్య ఒక సైప్రస్ చెట్టు, అంచులో మామిడిపిందెల వరుస, మిగిలినదంతా తెల్లగా ఖాళీ. ఆ ఖాళీ మసాలియా బట్టకు. దాని మీద అచ్చు వేయకూడదని ముందే నిశ్చయించుకున్నాను.

ఇక చేసిన విధానం. ముతక నూలుగుడ్డ రెండు గజాలు తీసుకుని గంజి పోయేదాకా ఉడికించి, జాడించి ఆరవేశాను. కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి పిండి, మళ్ళీ ఆరవేస్తే గుడ్డ లేత పసుపు రంగుకు తిరుగుతుంది. ఈ కరక్కాయ వగరే కీలకం. ఇది లేకపోతే నలుపు పుట్టదు. నలుపు కోసం తుప్పుపట్టిన మేకులు, గుర్రపునాడాలు, బెల్లం కలిపి కుండలో నీళ్ళుపోసి మూడువారాలు పులియబెట్టాలి. బెల్లానికి ఉయ్యూరులో కరువేమిటి! కుండ వాసనకే ఇంట్లో కరువైంది గాలి. మా వారు ఆ మూడువారాలూ వీధరుగు మీదే పత్రిక చదివారు. ఆ నీళ్ళు చూడటానికి పలచని టీ రంగులో వుంటాయి. కాని జిగురు కలిపి అచ్చుతో గుడ్డ మీద వేయగానే, కరక్కాయ తగిలి, కళ్ళముందే నల్లబడుతుంది. చెట్టు ఆకారం అలా పైకి తేలటం చూసి పక్కింటి పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఎరుపు అలా కాదు. ఎరుపు కావలసినచోట పటిక నీళ్ళు జిగురుతో కలిపి అచ్చు వేయాలి. అప్పటికి ఎరుపు వుండదు. ఆరబెట్టి, నీళ్ళలో జాడించి, తరువాత రాగి కాగులో రంగు వేసి ఉడికిస్తే, పటిక వున్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. పూర్వం ఈ ఎరుపు చిరివేరునుంచి వచ్చేది. నిజాంపట్నం వైపు ఇసుకనేలల్లో దొరికే చిరివేరుకు 17వ శతాబ్దంలో గొప్ప పేరు. ఆ వేరులో వున్న అలిజరిన్ అనే పదార్థాన్ని 1868లో జర్మన్లు ప్రయోగశాలలో తయారుచేశారు. తరువాత వేరు తవ్వేవారు తగ్గిపోయారు. ఇప్పుడు పెడనలో కూడా ఎక్కువగా వాడేది సీసాలో వచ్చే అలిజరినే. నేనూ అదే వాడాను. చిరివేరు తవ్వి తెచ్చానని రాస్తే మీరు నమ్ముతారేమోగాని, ఒకసారి గొప్పలుపోయి బుద్ధి వచ్చింది.

పాడుచేసింది ఆ జాడించే దగ్గరే. నేను అచ్చు వేసింది మే నెలలో. కాలువలు కట్టేసి వుంటాయి గదా, పుల్లేరులో బురద తప్ప ఏమీ లేదు. పోనీలెమ్మని స్నానాలగదిలో పెద్ద తొట్టినిండా నీళ్ళుపట్టి అందులో గుడ్డ నానబెట్టి జాడించాను. తరువాత కాగులో వేసి ఉడికించి తీస్తే, ఏం చెప్పను! తెల్లగా వుండవలసిన నేలంతా ఎర్రని మరకలు, పొగచూరినట్టు. నా తోట కాస్తా తగలబడిన తోటలా వున్నది. రెండు నెలల పని.

ఆ గుడ్డ పట్టుకుని పెడన వెళ్ళాను. మేస్త్రీగారు విప్పి చూడకుండానే, మడత అంచు చూసి, "అమ్మగారూ, నిలవనీళ్ళలో జాడించారాండీ?" అన్నారు.

"తొట్టినిండా నీళ్ళు పెట్టానండీ."

"ఎన్ని పెట్టినా అంతేనండి. పటికకు బుద్ధి వుండదండి. గుడ్డలోంచి వూడిన పటిక ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ కూర్చుంటుంది. పారే నీళ్ళు దాన్ని లాక్కుపోవాలండి. కాలువ వదిలాక రండి."

శ్రావణమాసంలో కొత్త గుడ్డ అచ్చువేసి తీసుకువెళ్ళాను. మేస్త్రీగారు, మరొకతను మొలలోతు నీళ్ళలో దిగి, గుడ్డను చెరొక కొసన పట్టుకుని పారకానికి అడ్డం లేకుండా పరిచారు. నీళ్ళు దానిమీదుగా, దానికిందుగా పోతుంటే జిగురు తెరలుతెరలుగా వూడిపోయింది. నన్నూ ఒక మూల పట్టుకోనిచ్చారు. చేయి జారింది, ఆ మూల మడతపడింది. ఎడారివారి తోటను గుడ్డమీదికి తేవాలంటే పారే కాలువ కావాలని నాకు అంతకుముందు తోచలేదు. ఓడల్లో ఇరాన్‌కు వెళ్ళిన ఆ సైప్రస్ చెట్లన్నీ మన నీళ్ళలో తడిసి వెళ్ళినవే. తరువాత పేడనీళ్ళలో నానబెట్టి, ఎండలో తడుపుతూ ఆరవేస్తే కరక్కాయ పసుపు పోయి నేల తెల్లబడింది.

గట్టుమీద కూర్చుని వుండగా మేస్త్రీగారి అబ్బాయి గురించి అడిగాను. అదే వూళ్ళో స్క్రీన్ ప్రింటింగ్ షాపులో పనిచేస్తున్నాడట. కరక్కాయ లేదు, కాలువ లేదు, మేలో కూడా పని ఆగదు. మేము పది రోజుల్లో చేసేది వాళ్ళు పూటలో చేస్తారని చెప్పి, "వాడి తప్పేముందండి, వాడికీ పిల్లలున్నారు" అన్నారు. నిజమే, తప్పులేదు. నేను తప్పు పట్టేది ఆ గుడ్డను కలంకారీ అని చెప్పి అదే ధరకు అంటగట్టే వర్తకుణ్ణి. చీర కొనేటప్పుడు ఒక్క పని చేయండి. తిరగేసి చూడండి. పటిక, కరక్కాయ పని అయితే రంగు వెనుకకు కూడా దిగి వుంటుంది. స్క్రీన్ రంగు పైనే పేరుకుని, వేలితో రాస్తే బిరుసుగా తగులుతుంది. అచ్చుకూ అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి తేడా కనిపిస్తే దానిని లోపమని బేరం చేయకండి. ఎనభైయేళ్ళ అచ్చును మనిషి పిడికిలితో కొట్టిన గుర్తు అది. ఆ తేడా లేని గుడ్డనే అనుమానించాలి.

గుడ్డ దసరాకు కువైట్ చేరింది. అమ్మాయి గోడకు తగిలించి ఫోటో పంపింది. చేయి జారిన మూల చిన్న గులాబీ మరక స్పష్టంగా కనిపిస్తున్నది. మా వారు చూసి, "ఒంటెల కంటే నయం" అన్నారు. అంతకంటే మెచ్చుకోలు ఆయన నోట వినలేదు.

పదిరోజుల తరువాత అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. పై అంతస్తులో వుండే ఇరానీ ఆవిడ టీకి వచ్చి, గుడ్డ చూసి నిలబడిపోయిందట. చెట్టు మీద చేయివేసి 'సర్వ్, సర్వ్' అన్నదట. వాళ్ళ అమ్మమ్మగారింట్లో ఇలాంటి చెట్టున్న అద్దకపు దుప్పటి వుండేదట. ఇది నీకెక్కడిదని అడిగితే మా అమ్మ చేసిందని చెప్పిందట.

"అమ్మా, సర్వ్ అంటే మన బందరు బీచి దారిలో వుండే సర్వితోటలేగా? ఆ పేరు కూడా మన దగ్గరినుంచే వెళ్ళిందని ఆవిడతో చెప్పనా?" అన్నది.

"చెప్పకు, చెప్పకు" అన్నాను. "ముందు మీ బావ నడిగి చెబుతాను."